పైపొరతో సహా

నేనెక్కడున్నానో తెలియడానికి ఆ రోజుల్లో ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు. పొద్దున్న ఆరున్నరకు బాపట్ల స్టేషన్లో, ఎనిమిదింటికి తెనాలి ప్లాట్‌ఫారం మీద, తొమ్మిదిన్నర దాటాక రేపల్లెలో మురుగు కాలవల ఆఫీసులో కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాను. సాయంత్రం ఇదే వరస వెనక నుంచి చదువుకోవచ్చు. మూడేళ్లలో ఈ వరస తప్పిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి మనిషి అజమాయిషీలో, ఎక్కడ నిలబడ్డామో ఆకాశాన్ని అడిగి చెప్పే మూడు పరికరాలు పెట్టారు. ఇందులో ఉన్న హాస్యం నాకు చాలా కాలం తర్వాత గాని అందలేదు.

బాపట్ల నుంచి రేపల్లెకు తిన్నగా బస్సుంది కదా అని అందరూ అడిగేవారు. ఉంది. బస్సెక్కితే నాకు కడుపులో తిప్పుతుంది. చెరుకుపల్లి వచ్చేసరికి పక్క సీటువాళ్లు లేచి నిలబడేవారు, మర్యాదకు కాదు, జాగ్రత్తకు. అందుకని సీజన్ టిక్కెట్టు తీసుకుని తెనాలిలో రైలు మారేదాన్ని. పటం మీద చూస్తే ఈ మూడూళ్లూ ఒక త్రికోణం. పటాలు గీయడమే నా ఉద్యోగం కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. అందులో దగ్గర దారి ఒదిలేసి, మిగతా రెండు భుజాలనూ రోజూ నా భుజాల మీద మోసేదాన్ని.

ఇంట్లో మేమిద్దరమే. మావారు బాపట్లలో ఒక బ్యాంకులో గుమాస్తా. పొద్దున్న నేను గడప దాటేటప్పటికి ఆయన వేపపుల్లతో పెరట్లో ఉండేవారు. రాత్రి ఎనిమిదికి నేను చేరేటప్పటికి అన్నం వండి తలుపు దగ్గరగా వేసి ఉంచేవారు. అద్దె ఇల్లే గాని ఏరి కోరి తీసుకున్నది. ఇల్లు చూపించిన రోజు ఇంటావిడ వంటింట్లో పడమటి కిటికీ తీసి, "సాయంత్రం నాలుగింటికి చూడాలమ్మా, దీపం పెట్టినట్టు ఉంటది" అన్నది. నేను ఆ ఒక్క మాటకే సరే అన్నాను. మూడేళ్లయినా ఆ దీపం చూసే యోగం పట్టలేదు. ఆదివారాలు లేవా అంటే ఉన్నాయి. ఆదివారం నాలుగింటికి నేను ఒళ్లెరగని నిద్రలో ఉండేదాన్ని. వారమంతా బాకీపడ్డ నిద్ర ఆ ఒక్క మధ్యాహ్నమే తీరాలి మరి.

నా కోరిక పెద్దదేం కాదు. ఒక మామూలు పనిరోజున, నాలుగింటికి, నా వంటింట్లో నిలబడి నా కోసం నేను ఒక గ్లాసు టీ పెట్టుకోవాలి. బాపట్లకు బదిలీ అడిగింది దీనికోసమే, అక్కడి ఆఫీసు మా వెనక వీధిలోనే, టీ వేళకు ఇంటికొచ్చి పోవచ్చు. అర్జీలో మాత్రం అనారోగ్యం అని రాశాను. టీ అని రాస్తే ఎవరిస్తారు? ఆ అర్జీ సంగతి ఎప్పుడు అడిగినా ఆఫీసులో "రేపు చూద్దాం" అనేవారు. ఊరి పేరు మొదట్లోనే రేపు ఉన్నప్పుడు వాళ్లని అని లాభం లేదని ఊరుకునేదాన్ని.

ఈలోగా ఆ మూడు జీపీఎస్ పరికరాలూ వచ్చాయి. ఒక్కొక్కటి టీవీ రిమోటంత ఉంది. నల్లటి రబ్బరు ఒళ్లు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద తెర. కాలవ గట్టు ఎక్కడ కోసుకుపోయిందో, ఎవరి చేపల చెరువు మెల్లగా కాలవలోకి జరిగిందో అక్కడికి వెళ్లి నిలబడి మీట నొక్కితే, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా అందులో పడుతుంది. ఆ అంకెలు తెచ్చిస్తే నేను పటం మీద ఎక్కిస్తాను. వాటిని ఎవరి చార్జిలో పెట్టాలన్న మాట వచ్చినప్పుడు గదిలో అందరూ కిటికీ బయటికి చూశారు. నేను నా భోజనం క్యారేజీ విప్పుకుంటున్నాను. క్యారేజీకి గుడ్డ సంచీ, దాని మీద పాలిథిన్ కవరు, కవరు మూతికి రబ్బరు బ్యాండు. మా ఇంజనీరు గారు కాసేపు ఆ విప్పడం చూశారు.

"మీ దగ్గరైతే భద్రంగా ఉంటాయమ్మా" అన్నారు.

అలా వాటికి నడవడానికి బ్యాటరీలు చాలినా, చార్జి మాత్రం నాదైంది.

పెట్టెలోంచి తీసినప్పుడు మూడింటి తెరల మీదా పల్చటి పొర ఒకటి అంటించి ఉంది. ఆ పొరకు ఒక మూల ఎర్రటి చిన్న చెవి బయటికి పొడుచుకొచ్చి ఉంది. ఆ చెవి పట్టుకు లాగి పొర పారేయండి అని దాని అర్థం. ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ గదిలో ఇంజనీర్లతో కలిపి పదకొండు మందిమి ఉన్నాం, ఒక్కరికీ ఆ ఊహ రాలేదు. ఎందుకు రాలేదో మా ఇళ్లకు వస్తే తెలిసేది. మా ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ వాళ్లు వేసిన నీలం పొర అలాగే ఉంది. మా ఇంజనీరు గారి స్కూటరు సీటుకు కొట్లో వేసిన ప్లాస్టిక్ తొడుగు ఎండకు పీలికలై గాలికి ఎగురుతుండేది, ఆయన పీలికల మీదే కూర్చునేవారు. వస్తువును కొత్తగా ఉంచడమే దాన్ని వాడుకోవడం అనుకునే వాళ్లం. ఆ ఎర్ర చెవి ఎవరి వేలికైనా తగిలి పొర ఊడిపోతుందేమోనని, దాన్ని వెనక్కి మడిచి సెలోటేపు అంటించిన ఘనత నాది.

అంతటితో ఆగినా బాగుండేది. స్టాకు రిజిస్టరులో గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాను: 'జీపీఎస్ పరికరములు మూడు. తెర పైపొరతో సహా, చెక్కుచెదరకుండా, మచ్చ లేకుండా.' మూడు అని రాసి సంతకం పెడితే సరిపోయేదని తర్వాత అందరూ చెప్పారు. నన్ను కట్టేసే తాడు నేనే పేనుకుని, ముడి కూడా అందంగా వేసుకున్నాను.

తర్వాత వాటికి కేసులు కావాలన్న దిగులు పట్టుకుంది. వాటితో వచ్చిన సంచీలు పల్చగా, జల్లెడలా ఉన్నాయి. తెనాలిలో రెండు రైళ్ల మధ్య నాకు అరగంటో ముప్పావుగంటో దొరికేది. స్టేషనుకు దగ్గర్లో ఒక సందులో, నాటక సమాజాల వాళ్లకు హార్మోనియం కవర్లు, కిరీటాలు పెట్టుకునే సంచులు కుట్టే పెద్దాయన ఉండేవాడు. అరవై దాటి ఉంటాయి. బాబాయ్ గారూ అని పిలిచేదాన్ని. పరికరం చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"ఇదేం వాయిస్తదమ్మా?"

"వాయించదు బాబాయ్ గారూ. మనం ఎక్కడున్నామో చెప్తుంది."

"తెనాల్లో ఉన్నాంగా" అని జేనతో కొలత తీసుకున్నాడు.

కేసులు మాత్రం కళ్లకద్దుకునేలా కుట్టాడు. పైన నల్ల రెగ్జిను, లోపల మెరూను వెల్వెట్టు. ఏ రాజుగారి అంగీకో కుట్టగా మిగిలిన ముక్కై ఉంటుంది, ఒకదాంట్లో ఒక చమ్కీ కూడా దొరికింది. జిప్పు, భుజానికి పట్టీ. మూడూ వేసుకుని రేపల్లె బండి ఎక్కితే ఎదుటి సీటావిడ ఫొటోలు తీస్తారా అని అడిగింది. నేను లేదండి, కాలవలు అన్నాను. 

ఆ రోజు నుంచి నేను వాటి వెంట ఉన్నానో అవి నా వెంట ఉన్నాయో చెప్పలేను. వాటిని పెట్టింది పటాల బీరువాలో, దానికి తాళంచెవి ఒకటే, ఆఫీసులో చేరిన రోజు నుంచీ అది నా నడుముకు దోపుకునే ఉండేది. పొద్దున్న మా ఆఫీసువాళ్లు గట్ల మీదికి పట్టుకెళ్తే, సాయంత్రం అవి తిరిగొచ్చి, బురద తుడిచి, బీరువాలో పడే వరకు నేను కదలకూడదు. అయిదింటి బండి కూత ఆఫీసులోకి వినపడేది. అది కూసుకుంటూ వెళ్లిపోయాక, మోకాళ్ల దాకా బురదతో మావాళ్లు దిగేవారు. ఇక ఏడింటి బండే, ఇల్లు చేరేసరికి పది. వేమూరు వైపు పనున్న రోజుల్లో ఇంకో తీరు. ముందు రోజు సాయంత్రం నేనే వాటిని ఇంటికి తీసుకుపోయి, మర్నాడు బండి వేమూరులో ఆగినప్పుడు కిటికీ ఊచల్లోంచి అందించాలి. చంటిబిడ్డని ఇస్తున్నట్టు ఇస్తున్నారు మేడం అని నవ్వేవారు. బండి కదిలాక కూడా వాళ్లు జిప్పు వేశారో లేదోనని తొంగి చూసేదాన్ని. నా మీద ఏ కేసూ లేకపోయినా మూడు కేసులు మాత్రం భుజం మీద వేలాడుతూనే ఉండేవి.

ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు పడుకున్నాను. మొదటి రోజే ఆఫీసు నుంచి మావారి బ్యాంకుకు ఫోను వచ్చింది. రెండో రోజు ఆయన సెలవు పెట్టి, తాళంచెవి తీసుకుని రేపల్లె వెళ్లి, బీరువా తెరిచి ఇచ్చి, సాయంత్రం దాకా నా బల్ల దగ్గర కూర్చుని, తిరిగి లోపల పెట్టించి తాళం వేసుకొచ్చారు. అన్నం తినేటప్పుడు మెల్లగా, "ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. నేను రోజూ అందులోనే కూర్చుంటున్నాను, నాకు తెలియనే లేదు.

దసరా వచ్చింది. మా ఆఫీసులో ఆయుధ పూజ శ్రద్ధగా చేసేవారు. లెవెల్ యంత్రం, కొలత గొలుసులు, టైపు మిషను, చివరకు పంచింగ్ మిషను కూడా కడిగి తుడిచి బల్ల మీద వరసగా పెట్టేవారు. ఆ ఏడు జీపీఎస్‌లు కొత్త ఆయుధాలు కదా, ముందు వరస వాటిదే. కేసుల్లోంచి తీసి, తెరలు పైకి ఉండేలా పేర్చింది నేనే. ఆఫీసులో ఉన్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఆడకూతురు చేత్తో పెట్టించండి అని ఇంజనీరు గారు బొట్టు పళ్లెం నాకే ఇప్పించారు. రబ్బరు మీద పెట్టి చూశాను, అంటలేదు. తెర అయితే నున్నగా, నుదురులా ఉంది. మూడు తెరల నడిమధ్య తడిపిన పసుపు గుండ్రంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. కొబ్బరికాయ కొట్టారు, ప్రసాదం పెట్టారు. ఆయుధాలను పండగ వెళ్లే వరకు కదపకూడదని అలాగే ఉంచి, గదికి తాళం వేసి వెళ్లిపోయాం.

నాలుగో రోజు తుడిస్తే కుంకుమ పోయింది. పసుపు పోలేదు. అర్ధరూపాయంత పచ్చటి మచ్చ, మూడింటికీ, సరిగ్గా నడిమధ్య. తుడిచేకొద్దీ చుట్టూ శుభ్రమై మచ్చ ఇంకా బాగా కనపడటం మొదలుపెట్టింది. పని ఆగలేదు గాని, గట్ల మీద నుంచి వచ్చిన ప్రతివాడూ ఒక మాట అనకుండా ఇచ్చేవాడు కాదు. వాళ్లలో ఒకాయన అన్నది ఆఫీసంతా వ్యాపించింది: "ఏ ఊళ్లో నిలబడ్డా పసుపు చెరువులోనే ఉన్నట్టు చూపిస్తందండి." నేనూ నవ్వాను. అప్పటికి నాకు రిజిస్టరు గుర్తు రాలేదు.

మే నెలాఖరులో బదిలీ ఆర్డరు వచ్చింది. బాపట్లకే. ఆ కాగితం క్యారేజీ సంచీలో దాచుకుని, తెనాలిలో ఒకసారి, బాపట్లలో దిగాక ఒకసారి తీసి చదువుకున్నాను. పదిహేను రోజుల్లో చేరాలని ఉంది. చేరకపోతే ఆ ఖాళీ కోసం కాచుక్కూర్చున్న మనిషి ఇంకొకాయన ఉన్నాడని కూడా తెలిసింది. పదిహేను రోజులు ఎందుకు, చార్జి అప్పగించడానికి ఒక పూట చాలదా అనుకున్నాను.

నా స్థానంలోకి వచ్చినాయన రేపల్లె మనిషే. ఎక్కడెక్కడో పనిచేసి, ఇంకా పదకొండు నెలల్లో రిటైరవుతుండగా సొంత ఊరికి చేరారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఆ పెన్నులకు మళ్లీ ఒక ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు చూసినప్పుడే నాకు అర్థమైంది. మా ఇద్దరిదీ ఒకటే జాతి. పెద్దవారని నా కుర్చీ ఆయనకిచ్చి నేను స్టూలు మీద కూర్చున్నాను. ఆయన రిజిస్టరు ముందు పెట్టుకుని, ఒక్కో వరసా వేలుతో చదువుతూ, వస్తువు చూసి టిక్కు పెడుతూ మధ్యాహ్నానికి జీపీఎస్‌ల దగ్గరికి వచ్చారు. కేసులు తెగ మెచ్చుకున్నారు. జిప్పు తీసి తెర చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"మచ్చ లేకుండా అని రాశారండి ఇక్కడ."

"అవునండి."

"ఇది మచ్చే కదండి?"

"బొట్టండి. దసరాకి పెట్టాం."

"మంచిదేనండి. బొట్టు పొర మీదుందా, తెరకి దిగిందా?"

"పొర మీదే అనుకుంటానండి."

"అనుకుంటే ఎట్లాగండి. తీసి చూద్దామంటే పొర లేనట్టవుద్ది. తీయకుండా సంతకం పెడితే మచ్చ నాదవుద్ది. రెండూ మీరే రాశారాయె." ఆయన రిజిస్టరు మెల్లగా మూశారు. "నాకు పదకొండు నెలలుందండి. ఇన్నేళ్లూ ఏ మచ్చా లేకుండా లాక్కొచ్చాను. ఏమీ అనుకోకండి."

అనుకోవడానికి ఏముంది? ఆయన కుర్చీలో నేనున్నా అదే మాట అనేదాన్ని. నిజానికి అది నా కుర్చీయే. కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేకపోవడం అంటే ఏమిటో ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. ఇంజనీరు గారి దగ్గరికి వెళ్తే, రాసింది మీరు, చూసుకునేది ఆయన, మధ్యలో నేనెవర్ని, మీరూ మీరూ తేల్చుకోండి అన్నారు. బదిలీ అయిన మనిషిని, రిలీవు కాని మనిషిని. ఉద్యోగం బాపట్లలో, నేను రేపల్లెలో. మా పరికరాన్ని అడిగినా ఈ చోటు ఎక్కడో చెప్పలేకపోయేది.

పగలంతా స్టూలు, రాత్రంతా ఆలోచన. మొదట స్పిరిట్‌తో తుడిచాను. తర్వాత నిమ్మచెక్క. ఆ తర్వాత మావారి సలహా మీద పళ్లపొడి. పళ్లపొడితో పసుపు కొంచెం వెలిసిన మాట నిజమే గాని, పొర మీద సన్నటి గీతలు పడి తెరంతా పొగమంచు కమ్మినట్టయింది. బాపట్లలో సెల్‌ఫోన్ల కొట్టుకు వెళ్లి, ఫోన్లకు వేసే పొర కత్తిరించి వేయమన్నాను. పాత దాని మీదే కొత్తది వేయించాను, తీయాలంటే భయం కదా. లోపల బుడగలు లేచాయి. మర్నాడు కొత్తాయన వెలుతురులో పట్టుకుని చూసి, బుడగలు లెక్కపెట్టి, "ఇది మీరు రాసిన పొర కాదండి" అని వెనక్కి ఇచ్చారు. పైదాన్ని మెల్లగా గిల్లి తీసేశాను. పొరపాటు అనే మాటలో పొర ఎందుకుందా అని రైల్లో కూర్చుని ఆలోచించే స్థితికి వచ్చాను.

రోజులు మాత్రం ఆగలేదు. బాపట్ల ఆఫీసు నుంచి తెలిసినావిడ మావారి బ్యాంకుకు వచ్చి, ఆ ఇంకొకాయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడని, ఈ వారం దాటితే తామేం చేయలేమని చెప్పి వెళ్లింది. మావారు ఆ మాట నాకు కూర వడ్డిస్తూ చెప్పారు.  కిటికీ మూసి ఉంది. దాని అవతల నాలుగింటి ఎండ రోజూ వచ్చి, చూసి, వెళ్లిపోతోంది.

పదమూడో రోజున, ఒక కేసుకు జిప్పు పట్టేస్తోందని, అదైనా బాగు చేయించి తెమ్మని ఆఫీసులో కొత్తాయన అన్నారు. జిప్పు సంగతి నేను రిజిస్టరులో రాయలేదు గాని, కాదనే ఓపిక లేదు. సాయంత్రం మూడింటినీ భుజాన వేసుకుని తెనాలిలో దిగి బాబాయ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన జిప్పుకు కొవ్వొత్తి రుద్దుతూ, ఎందుకమ్మా అలా ఉన్నావన్నాడు. నేను మొత్తం చెప్పాను. బొట్టు, పొర, పెన్నుల తొడుగు, బాపట్ల ఖాళీ, అన్నీ. హార్మోనియం మీద కూడా బొట్టు పెడతాం, పోదు, ఎవరడిగారు అన్నాడు. జిప్పు నడిచాక సరిపోతుందో లేదో చూడాలని పరికరం చేతిలోకి తీసుకున్నాడు. వెనక నా సెలోటేపు ఆయన గోటికి తగిలింది. కుట్టుపని చేసే చేతులు, పోగు కనపడితే ఊరుకోవు. గోటితో టేపు లేపాడు.

"ఇదేంటమ్మా, దీనికి చెవుంది?"

ఉండండి అనే లోపే లాగేశాడు. చిన్నగా చర్రుమని చప్పుడు. పసుపు బొట్టు, పళ్లపొడి గీతలు, నా ఎనిమిది నెలల తుడుపులు అన్నీ ఒక్క ముక్కగా ఆయన వేళ్లకు వేలాడుతున్నాయి. కింద తెర చెరువు నీళ్లలా ఉంది. దీపం వెలుగు, పైన వేలాడుతున్న హార్మోనియం కవర్లు, నా నోరు తెరిచిన మొహం అందులో కనపడ్డాయి. ఏమిటో, నాకు సంతోషం కలగలేదు.  'తెర పైపొరతో సహా' అన్న అక్షరాలే కళ్ల ముందు నిలబడ్డాయి.

"ఇది పారేసేది కదమ్మా. చెవి ఉన్నది లాగటానికేగా" అన్నాడు, తనేదో తప్పు చేశాడేమోనని నా వైపు చూస్తూ.

నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.  బాబాయ్ గారు ఆ పొరను పారేయలేదు. అంతగా కంగారుపడే మనిషికి అదేదో విలువైనదే అయి ఉంటుందనుకున్నాడో ఏమో, బటన్లు అంటించి ఇచ్చే అట్టముక్క మీద దాన్ని జాగ్రత్తగా పరిచి, వేలితో నొక్కి అంటించి నాకిచ్చాడు. "తీసుకుపో. ఉందిగా, ఎక్కడికి పోయింది" అన్నాడు.

ఉంది. ఆ మాట బండెక్కాక తలకెక్కింది. రిజిస్టరు పొర ఉండాలని అంటుంది. తెర మీద అంటుకునే ఉండాలని అనలేదు. తెర మచ్చ లేకుండా ఉండాలంది, ఉంది. నేను రాసిన వాక్యాన్ని మొదటిసారి నాలా కాకుండా, చార్జి తీసుకునే ఆ పెద్దాయనలా చదివాను. పొన్నూరు దాటాక, మిగతా రెండింటి చెవులూ పట్టుకుని నేనే లాగాను. మొదటిదానికి కళ్లు మూసుకున్నాను. రెండోదానికి మూసుకోలేదు.

పద్నాలుగో రోజు పొద్దున్న మూడు పరికరాలు, మూడు కేసులు, మూడు పొరలున్న అట్టముక్క ఆయన ముందు వరసగా పెట్టాను. ఆయన తెరలు చూశారు. వేలితో కాదు, రుమాలు చుట్టిన వేలితో తడిమారు. పొరలు లెక్కపెట్టారు. ఒక్కో పొర మీదున్న బొట్టు చూసి, ఇవి అవేనని తల ఊపారు. రిజిస్టరులో వేలు పెట్టి 'సహా' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగారు.  

"సహా అంటే ఉన్నట్టేనండి" అన్నారు చివరికి. "పైపొరలు మూడు, విడిగా అని రాసుకుంటాను. కాకపోతే ఇట్టా అట్టముక్క మీద ఉంటే దుమ్ము పడుద్ది. వీటికొక కవరు ఉంటే బాగుండేది."

నా క్యారేజీ మీది పాలిథిన్ కవరు విప్పి, రబ్బరు బ్యాండుతో సహా ఇచ్చేశాను. ఆయన పొరలను అందులో పెట్టి, మూతి మడిచి, బ్యాండు వేసి, బీరువాలో పై అరలో పెట్టారు. సంతకం చేశారు. నడుముకున్న తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టాను. మూడేళ్లుగా అది ఒరిసిన చోట నడుము మీద కాయ కాసి ఉంది, ఆ తర్వాత కూడా చాలా రోజులు ఉంది. పన్నెండు కాకముందే రిలీవు కాగితం నా చేతికి వచ్చింది. కుర్చీ కాలు పొట్టిగా ఉందని ఆయనతో చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది, ఆయనకి పదకొండు నెలలే.

మధ్యాహ్నం బండిలో జనం లేరు. వేమూరులో బండి ఆగినప్పుడు అలవాటు కొద్దీ కిటికీలోంచి చేయి బయటికి పెట్టాను. అందించడానికి ఏమీ లేదు, తీసుకోవడానికి ఎవరూ లేరు. తెనాలిలో దిగి పది అడుగులు వేశాక భుజం తేలిగ్గా తగిలింది.  కేసులు బండిలో మర్చిపోయాను. వెనక్కి పరిగెత్తి, పెట్టెలోకి ఎక్కి, సీటు కింద వంగి, పై బల్ల మీద చూసి, వేరుశనక్కాయలు అమ్ముకునే ఆవిడని నల్ల సంచులు చూశావా అమ్మా అని అడిగాను కూడా. ఎన్ని సంచులన్నది. మూడు అన్నాను. ఆవిడ కూడా నాతో పాటు వంగి వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడతో చెప్పడానికి సిగ్గేసి, ఇంకాసేపు వెతికి, దొరకలేదులే అని దిగిపోయాను.

బాపట్లలో మా వీధి మలుపు తిరిగేసరికి నాలుగు కావొస్తోంది. ఎండ ఉండగా ఆ వీధిలో నడిచి ఎన్నాళ్లయిందో, ఎదురింటి వాళ్లు చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. గేటు తీసి, మెట్టెక్కి, తలుపు ముందు నిలబడ్డాను. తాళం వేసి ఉంది.

మా ఇంటికి రెండు తాళంచెవులు. ఒకటి మావారి జేబులో ఉంటుంది. రెండోది లోపల బీరువాలో. ఇన్నాళ్లూ నేను వచ్చేటప్పటికి తలుపు తీసే ఉండేది కాబట్టి, నాకొకటి కావాలని నేను అడగలేదు, ఇవ్వాలని ఆయనకి తోచలేదు. ప్రభుత్వంవారి బీరువా తాళంచెవిని మూడేళ్లు నడుము కాయలు కాసేలా మోసిన దాన్ని, నా ఇంటి తాళంచెవి ఒక్కనాడు ముట్టుకోలేదు.

బ్యాంకు పది నిమిషాల నడక. వెళ్లి తెచ్చుకోవచ్చు. కానీ వెళ్లి వచ్చేసరికి నాలుగు దాటిపోతుంది. ఇంటి పక్క సందులోంచి పడమటి వైపుకు వెళ్లి, వంటింటి కిటికీ రెక్క తోశాను. గడియ సరిగా పడని రెక్క, తెరుచుకుంది. ఊచలు పట్టుకుని మునివేళ్ల మీద లేచి లోపలికి చూశాను. నా వీపు మీదుగా, నా నీడ చుట్టూ ఎండ లోపలికి వెళ్లి పడింది. ఇంటావిడ అబద్ధం చెప్పలేదు. పొయ్యి గట్టు, బోర్లించిన గిన్నెలు, ఉప్పు జాడీ, అన్నీ వెలుగుతున్నాయి. ఫ్రిజ్ తలుపు మీది నీలం పొర నుంచి వెలుగు తిరిగి గోడ మీద పడి, నీళ్లలా కదులుతోంది. టీ పొడి డబ్బా ఎక్కడుందో కనపడుతూనే ఉంది. చేయి చాపితే అందదు.

ఎండ కిటికీ దాటే వరకు అలాగే నిలబడ్డాను. తర్వాత వచ్చి మెట్టు మీద కూర్చున్నాను. అయిదున్నరకు మావారు సైకిలు దిగి నన్ను చూసి ఆగిపోయారు.

"ఎప్పుడొచ్చావేంటి?"

"నాలుగింటికండి."

ఆయన నన్నూ తాళాన్నీ మార్చి మార్చి చూసి, జేబులోంచి తాళంచెవి తీసి నాకిచ్చారు. నేనే తీశాను. కొత్త చేతికి ఆ తాళం ఒక పట్టాన లొంగలేదు.

ఆ రాత్రి బీరువాలోంచి రెండో తాళంచెవి తీసి నా సంచీలో వేసుకున్నాను. మర్నాడు బాపట్ల ఆఫీసులో చేరి, వాళ్లు చూపించిన రిజిస్టరులో నా పేరు తప్ప ఒక్క మాట ఎక్కువ రాయలేదు. ఇక ఫ్రిజ్ మీది నీలం పొర సంగతి. మావారు ఒకసారి దాని మూల పట్టుకుని లాగబోయారు. వద్దండి, నాలుగింటికి గోడ మీది వెలుగు దానిదే, ఉండనివ్వండి అన్నాను. అది ఇంకో రెండేళ్లు అలాగే ఉంది.